గోవా సీజన్ పనికి వెళ్తే: మడ్గావ్ నుంచి కలంగూట్ దాకా, రోజువారీగా

బయల్దేరే ముందు

గోవాలో సీజన్ అంటే అక్టోబరు నుంచి మే వరకు. ఇసుక మీద వెదురు, ప్లైవుడ్, కొబ్బరాకులతో వేసే తాత్కాలిక హోటళ్లను అక్కడ ష్యాక్‌లు అంటారు. వానలు రాకముందే, మే 31కల్లా వాటిని విప్పేయాలి. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు మరబోట్ల వేట కూడా నిషేధమే (మన తీరంలో ఇది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా). కాబట్టి జూన్‌లో పని వెతుక్కుంటూ వెళ్లడం డబ్బు దండగ.

చేరడానికి మంచి అదను సెప్టెంబరు చివరి వారం నుంచి దసరా దాటి నాలుగైదు రోజుల వరకు. అప్పుడు కట్టే పనీ, వంటింటి పనీ, సర్వీసు పనీ మూడూ ఒకేసారి తెరుచుకుంటాయి. తర్వాత డిసెంబరు 10–20 మధ్య ఇంకో అవకాశం వస్తుంది. క్రిస్మస్ రద్దీ ముందు ఎవరో ఒకరు పని మానేసి ఊరెళ్లిపోతారు, ఆ చోటికి ఎవరు దొరికితే వాళ్లను తీసుకుంటారు. కానీ అలా చేరినవాళ్లను జనవరి మొదటి వారంలోనే లెక్క తేల్చి పంపేసే అవకాశం ఎక్కువ. ఆ పది రోజుల డబ్బే చాలనుకుంటే వెళ్లండి. సీజన్ మొత్తం కావాలంటే అక్టోబరులోనే వెళ్లాలి.

సంచిలో ఉండాల్సినవి: ఆధార్ జిరాక్సులు ఆరు, పాస్‌పోర్ట్ ఫొటోలు పది, నల్ల ప్యాంట్లు రెండు, తెల్ల చొక్కాలు రెండు, తడి నేల మీద జారని నల్ల బూట్లు, దోమతెర, దుప్పటి, మంచి తాళం, నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు. తాళం, బోర్డు ఎందుకో గది దగ్గర చెబుతాను. తిండి తాకే పని చేసేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా ఉండాలన్నది ఆహార భద్రత నిబంధన. ఆ సర్టిఫికెట్ ఊళ్లోనే చేయించుకుంటే మంచిది. అక్కడికెళ్లాక చేయించుకుంటే ఒక రోజు పనీ పోతుంది, ఖర్చూ మీ మీదే పడుతుంది.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి: పదిహేను రోజుల తిండి, బస్సు చార్జీలు, ఒక నెల అద్దె, గది అడ్వాన్సు, తిరుగు టికెట్. మొదటి జీతం చేతికొచ్చేసరికి దాదాపు నెల పడుతుంది. అక్టోబరు 10న చేరితే ఆ ఇరవై రెండు రోజుల జీతం నవంబరు మొదటి వారంలో ఇవ్వాలి. కానీ చాలాచోట్ల తొలి పది, పదిహేను రోజుల జీతం ‘హోల్డ్’ అని ఆపేసుకుంటారు. తిరుగు టికెట్ డబ్బు వేరే ఖాతాలో ఉంచండి. అది చేతిలో లేనివాళ్లే చెడ్డ చోట ఇరుక్కుని కదల్లేక ఉండిపోతారు.

మొదటి రోజు: మడ్గావ్

కోస్తా, రాయలసీమ వాళ్లకు విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా గోవాలోని వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఇది వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. హైదరాబాద్ వాళ్లకు 2024 అక్టోబరులో మొదలైన సికింద్రాబాద్–వాస్కో రైలు వారానికి రెండుసార్లు ఉంది. రెండూ హుబ్లీ, లోండా దాటి క్యాజిల్‌రాక్ దగ్గర ఘాట్ దిగుతాయి. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు. దసరా రోజుల్లో జనరల్ బోగీలో నిలబడి వెళ్తే మర్నాడు ఏ మేనేజరు ముందూ నిలబడే ఓపిక ఉండదు.

వాస్కో దాకా పోకుండా మడ్గావ్‌లో దిగండి. దక్షిణ గోవాకు వెళ్లే దారులన్నీ అక్కడి నుంచే, ఉత్తరానికి బస్సులూ అక్కడి నుంచే. స్టేషన్ నుంచి కదంబా (గోవా ప్రభుత్వ బస్సులు) బస్టాండు కాస్త దూరం. ఇద్దరుంటే ఆటో, ఒక్కరే ఉంటే ‘పైలట్’ మేలు. పైలట్ అంటే పసుపు–నలుపు రంగుల బైక్ టాక్సీ. ఎక్కే ముందే ధర మాట్లాడుకోవాలి. ఆ రాత్రికి స్టేషన్ చుట్టుపక్కల చవక లాడ్జి చూసుకుని సామాను అక్కడే వదలండి. బ్యాగు వీపున వేసుకుని పని అడగకూడదు. పడుకోవడానికి చోటు లేదని ఎదుటివాడికి తెలిసిపోతుంది, దాంతో జీతం మాట కిందికి దిగుతుంది.

రెండో రోజు: కొల్వా, బెనావ్లిం, కవెలోసిం

మడ్గావ్ నుంచి కొల్వా ఆరు కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉంటాయి. అక్కడి నుంచి ఇసుక వెంబడి దక్షిణంగా నడుస్తూ బెనావ్లిం, వర్కా, కవెలోసిం చూసుకోవచ్చు.

పని అడగడానికి వేళలున్నాయి. ఉదయం పది నుంచి పదకొండున్నర, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి వెళ్లి అడిగితే లేదనే అంటారు, పని ఉన్నా సరే. ష్యాక్‌లో కౌంటర్ దగ్గర కూర్చున్నాయన యజమాని కావచ్చు, సీజనుకు నడుపుతున్న భాగస్వామి కావచ్చు. లైసెన్సులు గోవా వాళ్లకే ఇస్తారు, నడిపేవాళ్లు వేరే ఉండొచ్చు. జీతం ఎవరి చేతి నుంచి వస్తుందో అతనితోనే మాట్లాడాలి. ‘కామ్ హై క్యా’ అని ఊరకే అడిగితే ‘ఏం పని వచ్చు’ అంటారు, దానికి తడుముకోకూడదు. ‘తందూర్‌లో హెల్పరుగా చేశాను’, ‘రెండు ట్రేలు ఎత్తగలను, ఆర్డరు రాయగలను’, ‘ఏమీ రాదు, యుటిలిటీలో చేరతాను’ – ఇలా సూటిగా చెప్పాలి. యుటిలిటీ అంటే గిన్నెలు, నేల, చెత్త.

కొత్తవాళ్లు ఎక్కువగా ఆ గిన్నెల దగ్గరే మొదలవుతారు. బీచ్ మీద ఆ పని ఊళ్లో హోటల్లో లాంటిది కాదు. ప్రతి పళ్లెంలోనూ ఇసుక ఉంటుంది. నేరుగా పీచు పెట్టి రుద్దితే గాజు గ్లాసులన్నీ గీతలు పడతాయి, పగిలితే జీతంలో కోస్తారు. అందుకని మొదటి తొట్టిలో మామూలు నీళ్లలో ఇసుక దులిపి, రెండో దాంట్లో సబ్బు, మూడో దాంట్లో శుభ్రమైన నీళ్లు. చేపల ట్రేలు ఆఖర్న కడగాలి, లేకపోతే గ్లాసులకు నీచు పడుతుంది. పాదాలు రోజంతా తడిలో ఉండి వేళ్ల మధ్య ఒరుస్తాయి. రబ్బరు బూట్లు అడగండి, ఇవ్వకపోతే కొనుక్కోండి. రాత్రి కాళ్లు తుడుచుకుని కొబ్బరినూనె రాసి పడుకోవడం రెండో వారం నుంచి కాదు, మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. రెండు నెలలు ఇక్కడ నిలబడినవాణ్ణి చెఫ్ తనే లోపలికి పిలిచి ఉల్లిపాయలు కోయమంటాడు. అక్కడి నుంచి కమీ–3 (వంటింట్లో కింది మెట్టు వంటవాడు) అవుతాడు.

మూడో రోజు: పాలోలెం

మడ్గావ్ నుంచి కాణకోణ బస్సు ఎక్కి చావడి అనే ఊళ్లో దిగాలి. దాదాపు నలభై కిలోమీటర్లు, మధ్యలో కర్మల్ ఘాట్. చావడి నుంచి పాలోలెం రెండు మూడు కిలోమీటర్లు.

ఇక్కడ అక్టోబరులో ఉండే పని వేరు. బీచ్ పొడవునా కొబ్బరిచెట్ల కింద హట్లు (అతిథులు దిగే చెక్క గుడిసెలు) లేస్తుంటాయి. నిరుడు విప్పి, నంబర్లు వేసి గోదాంలో పెట్టిన ప్లైవుడ్ పలకల్ని బయటికి తీసి, చెదలు పట్టినవి ఏరేసి, కర్ర స్తంభాల మీద మళ్లీ బిగిస్తారు. వడ్రంగి, ప్లంబర్, కరెంటు పని వచ్చినవాళ్లకు రోజుకూలీ దొరుకుతుంది. ఏమీ రానివాళ్లకు మోత పని దొరుకుతుంది. లేబర్ పనిలో చేరేవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో మలేరియా రక్తపరీక్ష చేసి హెల్త్ కార్డు ఇస్తారు. అది లేకుండా చేరకండి, తనిఖీకి వస్తే పని ఆగేది మీకే.

ఈ పనిలో అసలు లాభం కూలీ కాదు. హట్టు కట్టినవాడికి దాని పైపు ఎక్కడుందో, ఏ బల్బు ఏ స్విచ్చుదో తెలుసు. నవంబరులో అతిథులు దిగాక హౌస్‌కీపింగ్‌లోకి ముందు అతన్నే తీసుకుంటారు. కాబట్టి కట్టే పనికి ఒప్పుకునేటప్పుడే ‘సీజన్‌కి కూడా ఉంచుతారా’ అని మాట తీసుకోవాలి. పడక అప్పటి దాకా ఎక్కడ అన్నదీ అడగాలి. సగం కట్టిన హట్టులో పడుకోమంటారు, అతిథి రాగానే ఖాళీ చేయమంటారు. ఆ తర్వాతి చోటు ఏమిటో ముందే చూపించమనండి.

పాలోలెం, పట్నెం వైపు తెల్లవాళ్లు వారాల తరబడి ఉంటారు. పని నెమ్మది, టిప్పు నికరం, ఇంగ్లిషు తప్పనిసరి. మన హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్ల గుంపులు ఎక్కువగా ఉత్తరానికే పోతాయి.

నాలుగో రోజు: అగోండా

అందమైన చోటే గానీ అక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అగోండా, గల్జీబాగ్, ఉత్తరాన మోర్జిం, మాండ్రెం – ఈ నాలుగూ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు. దీపాలకు, శబ్దానికి, కట్టడాలకు ఆంక్షలుంటాయి. అనుమతి లేని కట్టడాలకు కోర్టు ఆదేశాలతో సీజన్ మధ్యలో సీలు పడిన సందర్భాలున్నాయి. సీలు పడితే అతిథికి డబ్బు వెనక్కి వస్తుందేమో గానీ పనివాడికి ఆ నెల జీతం గాల్లో ఉంటుంది. ఇక్కడ చేరేవాళ్లు ఈ ఏడాది లైసెన్సు వచ్చిందా అని మొహమాటం లేకుండా అడగాలి. సాయంత్రానికి మడ్గావ్ తిరిగొచ్చేయొచ్చు.

అయిదో రోజు: పణజి మీదుగా మాపుసా

మడ్గావ్–పణజి మధ్య ఎక్కడా ఆగని కదంబా షటిల్ బస్సులున్నాయి. పణజిలో బస్టాండు పాట్టో ప్రాంతంలో ఉంది. కార్మిక శాఖ కార్యాలయం ‘శ్రమశక్తి భవన్’ కూడా ఆ పక్కనే. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయాల్సింది అక్కడే కాబట్టి దిగినప్పుడే చూసి పెట్టుకోవడం మంచిది. పణజి నుంచి మాపుసా పదమూడు కిలోమీటర్లు. మాపుసాలో శుక్రవారం సంత. పరుపు, బకెట్, రబ్బరు బూట్లు, తాళ్లు బీచ్ ఊళ్లకన్నా ఇక్కడ చవక. ఇవి పని ఖాయమయ్యాక కొనండి.

ఆరో రోజు: కాండోలిం, కలంగూట్, బాగా

కాండోలిం నుంచి కలంగూట్ దాకా ఒక పెద్ద రోడ్డు ఉంది. హోటళ్లు, బార్లు, బట్టల కొట్లు అన్నీ దీని మీదే. ఉదయం కాండోలిం చివర మొదలుపెట్టి ఉత్తరంగా నడిస్తే సాయంత్రానికి బాగా బీచ్‌కు చేరతారు. ఒక చిన్న పుస్తకంలో అడిగిన ప్రతి చోటు పేరు, మాట్లాడిన మనిషి, చెప్పిన జీతం, ‘మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు’ రాసుకోండి. మూడు రోజుల తర్వాత రెండోసారి వెళ్లినవాడికే పని దొరకడం ఇక్కడ మామూలు. ఈలోగా ఎవడో ఒకడు మానేసి ఉంటాడు.

ఇక్కడ తెలుగు ఒక అర్హత. బాగా, కలంగూట్‌ బీచ్‌లలో తెలుగు కుటుంబాలు, కుర్రాళ్ల గుంపులు ఎక్కువగా దిగుతాయి, ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్లు కూడా ఉన్నాయి. బిర్యానీ దమ్ము వేయగలిగినవాడు, పప్పు, పులుసు చేయగలిగినవాడు అక్కడ యుటిలిటీలో మొదలవ్వక్కర్లేదు. సర్వీసులో కూడా ‘తెలుగు, హిందీ, కాస్త ఇంగ్లిషు’ అని ముందే చెప్పండి. అరంబోల్, మోర్జిం వైపు రష్యన్ నాలుగు ముక్కలు వచ్చినవాడికి ఉన్న విలువ బాగాలో తెలుగు వచ్చినవాడికి ఉంది.

రోడ్డు మీద నిలబడి ‘సార్, క్లబ్బు, వాటర్ స్పోర్ట్స్’ అని పిలిచే కమీషన్ పని మాత్రం ఒప్పుకోవద్దు. పర్యాటకుల వెంటపడి పిలవడం అక్కడ నేరం. పోలీసులు పట్టుకునేది పిలిచినవాణ్ణి, పెట్టినవాణ్ణి కాదు. ఉద్యోగం ఇప్పిస్తానని ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడిగే ఏజెంటునూ అక్కడే వదిలేయండి. స్టాఫ్ కోసం బోర్డు పెట్టుకున్న ఊళ్లో ఉద్యోగానికి ఎదురు డబ్బు ఇవ్వాల్సిన పనిలేదు.

ట్రయల్ ఒక రోజు, మహా అయితే రెండు. మూడో రోజుకు జీతం ఎంతో చెప్పకపోతే వాళ్లు రద్దీ గడుపుకుంటున్నారని అర్థం. ట్రయల్ రోజు మీరు కూడా పరీక్ష పెట్టండి. స్టాఫ్ తిండి ఎన్ని గంటలకు పెడుతున్నారు, పాతవాళ్లు ఎన్ని సీజన్ల నుంచి ఉన్నారు, వంటింటికి రెండో దారి ఉందా? ఈ చివరిది మరీ ముఖ్యం. 2025 డిసెంబరు 6 రాత్రి అర్పోరాలో ఒక నైట్‌క్లబ్ మంటల్లో 25 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్లే. కిందికి దిగే వంటిల్లు, ఒకటే మెట్లదారి, దాని మీద సామాను పేర్చి ఉంటే జీతం ఎంతయినా వద్దు.

ఏడో రోజు: పడక

గోవాలో సీజన్ మధ్యలో వెనక్కి వచ్చేసేవాళ్లు పని కష్టమై రావడం తక్కువ, పడుకునే చోటు భరించలేక రావడమే ఎక్కువ. అందుకే జీతం కంటే ముందు గది చూడాలి. ‘ఫుడ్ అండ్ అకామిడేషన్’ అని నోటితో అనేది ఒకటి, తలుపు తీస్తే కనిపించేది ఒకటి. చేరే ముందు స్టాఫ్ రూము చూపించమని అడగండి. ‘తర్వాత చూద్దువులే’ అంటే చూడకూడనిదేదో అక్కడ ఉంది.

చూసేటప్పుడు రాత్రి పది తర్వాత చూస్తే నిజం తెలుస్తుంది, పగలు గది ఖాళీగా ఉండి పెద్దగా కనిపిస్తుంది. పైన రేకు ఉంటే మార్చి తర్వాత పగటి నిద్ర ఉండదు. బ్రేక్ షిఫ్ట్ వాళ్లకు (పదకొండు నుంచి మూడు, మళ్లీ ఆరున్నర నుంచి మూసేదాకా) ఆ మధ్యాహ్నపు నిద్రే ఆధారం. గోడకు ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టండి: అక్కడ వేలాడే చొక్కాలే ఆ గదిలో మనుషుల అసలు సంఖ్య. ఒకే ప్లగ్ పాయింట్ మీద ఎనిమిది ఫోన్లు, ఒక ఫ్యాను, ఒక నీళ్ల హీటర్ నడుస్తుంటాయి. మీ బోర్డు ఫోన్లకే వాడండి, హీటర్‌ను దాని మీద పెట్టనివ్వకండి. గ్యాస్ సిలిండర్ పడుకునే గదిలోనే ఉంటే పక్కకు మార్పించండి. కిటికీకి ఊచలు, తలుపు ఒక్కటే అయితే పడక తలుపు వైపు తీసుకోండి. నీళ్ల మోటారు ఏ వేళ వేస్తారో అడగండి. రాత్రి ఒంటిగంటకు పని ముగించి వచ్చేవాళ్లకు తెల్లారి ఆరింటికే ట్యాంకు ఖాళీ అయ్యే ఇల్లు పనికిరాదు. మరుగుదొడ్డి ఆరుగురికి ఒకటి దాటితే పొద్దున్న పదింటి డ్యూటీకి రోజూ గొడవే.

యజమాని గది బాగాలేకపోయినా, లేకపోయినా అర్పోరా, నాగోవా, పర్రా, సాలిగావ్ వంటి లోపలి ఊళ్లలో ముగ్గురు నలుగురు కలిసి అద్దెకు తీసుకోవచ్చు. బీచ్‌కు మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో అద్దె తగ్గుతుంది గానీ రాత్రి బస్సులుండవు. నడకో, సైకిలో, బండి ఉన్న తోటివాడో ఉండాలి. అద్దెబండి తీసుకుంటే నల్ల పలక మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల పలక సొంత బండిని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, జరిమానా పడితే గొడవ మీకూ చుట్టుకుంటుంది. గదుల బోర్డులు తక్కువ. కిరాణా కొట్టులో, పావ్ అమ్ముకుంటూ సైకిల్ మీద తిరిగే పొదేర్‌ను, చర్చి పక్కన కూర్చున్న పెద్దవాళ్లను ‘భాడ్యాక్ రూమ్ ఆసా?’ (అద్దెకు గది ఉందా?) అని అడగాలి. ఆ ఒక్క కొంకణి మాటకు తలుపు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. ఇంటావిడను ఆంటీ అనే పిలుస్తారు.

నలుగురు కలిసి తీసుకుంటే లెక్క మొదటి రోజే రాసుకోండి. ఉదాహరణకు అద్దె 12,000, అడ్వాన్సు 24,000 అనుకుంటే మనిషికి నెలకు 3,000, చేరేటప్పుడు 6,000. ఒకడు జనవరిలో వెళ్లిపోతే అతని 6,000 ఇచ్చేది ఇంటివాళ్లు కాదు, అతని చోట్లోకి వచ్చే కొత్తవాడు. కొత్తవాడు రాకపోతే ఎవరు ఇవ్వాలి? ఈ ఒక్క ప్రశ్నకు ముందే జవాబు రాసుకోని గదుల్లోనే స్నేహాలు చెడతాయి. కరెంటుకు సబ్‌మీటరు ఉంటే చేరిన రోజు రీడింగు ఫొటో తీసి ఇంటావిడకు వాట్సాప్‌లో పంపండి. వంట చేసేవాళ్లు, హోటల్లో తినేవాళ్లు కలిసి ఉంటే సిలిండర్ ఖర్చు వేరుగా పెట్టండి. మీ తాళం మీ పెట్టెకే. గది తాళం చెవులు ఎందరి దగ్గరుంటాయో ఎవరూ చెప్పలేరు.

ఎనిమిదో రోజు: కాగితాలు

అద్దెకున్న ప్రతివాళ్ల వివరాలూ ఇంటి యజమాని పోలీసులకు ఇవ్వాలని 2024లో గోవా చట్టమే చేసింది. ఫొటో, ఆధార్ జిరాక్సు, ఊరి చిరునామా, ఊరి పోలీస్ స్టేషన్ పేరు ఇవ్వాలి. ‘ఫారమ్ అక్కర్లేదులే’ అనే ఇంటివాళ్ల దగ్గర చేరితే తనిఖీ వచ్చిన రాత్రి బయట నిలబడేది మీరే. స్టేషన్లో ఇచ్చిన ఫారమ్ కాపీకి ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.

పని ఒప్పందం కాగితం మీద అరుదుగా ఇస్తారు. అందుకని మాట్లాడుకున్న రాత్రే మేనేజరుకు ఒక వాట్సాప్ పంపండి: ‘సార్, నేను ఈ తేదీ నుంచి చేరుతున్నాను. జీతం ఇంత, తిండి, గది మీవి, వారానికి ఒక సెలవు, జీతం ప్రతి నెలా 7లోగా.’ ఆయన ‘ఓకే’ అంటే అదే మీ కాగితం. చట్టం ప్రకారం కూడా నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. ‘ఖర్చులకు వారం వారం ఇస్తాను, హిసాబ్ మేలో చూద్దాం’ అనేవాళ్ల దగ్గర మాత్రం ఎప్పుడూ ఒప్పుకోకండి. మే ఆఖరున ష్యాక్ విప్పుతున్నప్పుడు ఆ మనిషి ఫోను ఎత్తకపోవచ్చు. రోజూ వచ్చిన టైము, వెళ్లిన టైము, తీసుకున్న అడ్వాన్సు పుస్తకంలో రాసి, పదిహేను రోజులకోసారి మేనేజరు సంతకం అడగండి.

టిప్పుల సంగతి కూడా చేరేటప్పుడే తేల్చుకోవాలి. చాలాచోట్ల టిప్పులన్నీ ఒక డబ్బాలో పడతాయి, వారానికోసారి తెరిచి పాయింట్ల లెక్కన పంచుతారు. కెప్టెన్‌కు (సర్వీసు చూసే పెద్ద) రెండు, స్టూవర్డ్‌కు (వడ్డించేవాడు) ఒకటిన్నర, హెల్పర్‌కు ఒకటి – ఇలా. వంటింటికి వాటా ఉందా, డబ్బా తాళం ఎవరి దగ్గర, యూపీఐలో వచ్చిన టిప్పు ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ మూడోది అడగడం మర్చిపోతారు. ఇప్పుడు టిప్పు ఎక్కువగా వచ్చేది ఫోన్లోనే.

ఆ తర్వాత

మొదటి పది రోజులు ఒళ్లు నొప్పులు, తర్వాత అలవాటు. డిసెంబరు 20 నుంచి జనవరి 2 వరకు సెలవు అడగొద్దు, అడిగినా ఇవ్వరు. సంక్రాంతికి ఊరెళ్లాలంటే జనవరి 5 తర్వాత మూడు నాలుగు రోజులు దొరుకుతాయి, టికెట్ నవంబరులోనే తీసుకోవాలి. మార్చి దాటాక విదేశీయులు తగ్గుతారు, బిల్లులు చిన్నవవుతాయి, మనుషుల్ని తగ్గించడం మొదలవుతుంది. పాతవాళ్లు చాలామంది ఏప్రిల్, మే నెలల్లో మనాలీ, లేహ్ వైపు కదులుతారు. అక్కడ సీజన్ అప్పుడే మొదలు. మీరూ పోవాలనుకుంటే మార్చిలోనే మీ చెఫ్‌ను అడగండి, కొండల్లో తెలిసినవాళ్లు లేని చెఫ్ అరుదు. ఇక్కడి జీతం పూర్తిగా ఖాతాలో పడ్డాకే ఆ టికెట్ తీయండి.